నరం దెబ్బతిన్నాక కరెంటు టెస్టు: ఏది చేయించాలి, అంతకన్నా ముందు ఎప్పుడు చేయించాలి

మా బావమరిది హిందూపురం దగ్గర బండి మీద నుంచి పడ్డాడు. భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగింది. బెంగళూరు తీసుకొచ్చి మర్నాడే ప్లేటు వేయించారు. ఎముక సంగతి బాగానే ఉంది గానీ, చెయ్యి చాపమంటే మణికట్టు వాడిపోయిన తోటకూర కాడలా కిందికి వేలాడుతోంది. "బావా, నరానికి కరెంటు టెస్టు చేయించమన్నారు, ఏది చేయించాలి?" అని వార్డులోంచి ఫోన్ చేశాడు. "ఎన్‌సీవీ, ఈఎంజీ రెండూ చేయించు" అని చెప్పి పెట్టేశాను. పడిన నాలుగో రోజు, డిశ్చార్జ్ అయి ఊరికెళ్లే దారిలోనే ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ఆ పని కానిచ్చేశారు. కండరంలో సూది పెట్టి చేసే ఈఎంజీ అక్కడ లేదట, చర్మం మీద కరెంటు పెట్టి చేసే ఎన్‌సీవీ ఒక్కటే చేశారు. రిపోర్టులో నార్మల్ అని ఉంది. అత్తమ్మ ఆ సాయంత్రమే ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టింది. మణికట్టు మాత్రం వేలాడుతూనే ఉంది.

నేను బెంగళూరు మారతహళ్లిలో ఫిజియోథెరపిస్టుని. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చే పేషెంట్లను రోజూ చూస్తుంటాను. అయినా ఏ టెస్టు అని అడిగితే దానికి మాత్రమే జవాబు చెప్పాను, ఏ రోజు చేయించాలో చెప్పలేదు. అసలు ముందు తేల్చుకోవాల్సింది అదే.

నాలుగో రోజా, నాలుగో వారమా?

నరాన్ని ఎన్నో సన్నని తీగలున్న కేబుల్ అనుకోండి. ఆ తీగల్ని యాక్సాన్లు అంటారు. దెబ్బ మూడు రకాలుగా తగలొచ్చు. తీగలు బాగానే ఉండి, పైనున్న తొడుగు నలిగి కరెంటు అక్కడ ఆగిపోవడం ఒకటి. లోపలి తీగలు తెగి, బయటి గొట్టం నిలిచి ఉండడం రెండోది. మొత్తం నరమే తెగిపోవడం మూడోది. హెర్బర్ట్ సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ 1943లో వీటికి న్యూరాప్రాక్సియా, యాక్సనాట్మెసిస్, న్యూరాట్మెసిస్ అని పేర్లు ఖాయం చేశాడు. ఇప్పటికీ డాక్టర్ల చీటీల మీద కనిపించేవి ఆ పేర్లే. మొదటిది కొన్ని వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. రెండోది నెలలు పడుతుంది. మూడోది ఆపరేషన్ లేకుండా బాగుపడదు.

తిరకాసు ఏమిటంటే, మొదటి వారంలో టెస్టుకి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. తెగిన తీగ కింది భాగం వెంటనే చచ్చిపోదు. దీన్ని 1850లోనే అగస్టస్ వాలర్ కప్ప నాలుకకు వెళ్లే నరాలు కోసి గమనించాడు: తెగిన చోటు నుంచి చివరి దాకా ఉన్న ముక్క రోజులు గడిచేకొద్దీ శిథిలమవుతుంది. ఆ లోపల మీరు దెబ్బకి కింద కరెంటు పెడితే కండరం చక్కగా కదులుతుంది, తెర మీద గీత ఎత్తుగా లేస్తుంది. కండరానికి వెళ్లే తీగల్లో ఈ స్పందన పోవడానికి దాదాపు వారం పడుతుంది. స్పర్శ తీగల్లో పది పదకొండు రోజులు. సూది టెస్టులో కనిపించాల్సిన గుర్తులు దెబ్బకి దగ్గరి కండరాల్లో పది పద్నాలుగు రోజులకు మొదలవుతాయి, దూరపు కండరాల్లో అయితే మూడు నాలుగు వారాలు పడుతుంది.

మా వాడికి నాలుగో రోజున మోచేతికి కింద కరెంటు పెట్టి చూశారు. దెబ్బేమో అంతకు చాలా పైన, ఎముక విరిగిన చోట. కాబట్టి వచ్చిన నార్మల్ అబద్ధం కాదు, కానీ దానికి అర్థం లేదు. చెట్టు కొట్టేసిన రోజున ఆకులు పచ్చగానే ఉంటాయి కదా.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది: దెబ్బ తగిలిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టి, మూడో వారం దాటాక, నాలుగో వారం ముగిసేలోగా తేదీ తీసుకోండి. డబ్బులు ఒకసారికే ఉన్నాయంటే ఆ ఒక్కసారి అప్పుడే ఖర్చు పెట్టండి.

ముందు చేయిస్తే లాభమే లేదా? ఉంది, కొంచెం. దెబ్బకి పైనా కిందా రెండు చోట్లా కరెంటు పెట్టి పోల్చి చూస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. పదో రోజు దాటాక కూడా కింది స్పందన దిట్టంగా ఉందంటే తొడుగు మాత్రమే నలిగిందని, తొందరగా వస్తుందని ధైర్యం తెచ్చుకోవచ్చు. మరీ టెన్షన్‌తో నిద్రపట్టని వాళ్లకు ఆ ధైర్యం విలువైనదే. కానీ ఆ టెస్టు చేయించాక కూడా నాలుగో వారం టెస్టు తప్పదు.

టెస్టు కోసం ఆగకూడని సందర్భం

కిటికీ అద్దం, గ్లాసు ముక్క, కత్తి, కొడవలి, గ్రైండర్ బ్లేడు వంటివి కోసుకుపోయి, ఆ వెంటనే వేళ్లు మొద్దుబారినా కదలకపోయినా ఇక మూడు వారాలు, కరెంటు టెస్టు అన్న మాటే వద్దు. శుభ్రంగా తెగిన నరాన్ని కొద్ది రోజుల్లోనే, వీలైతే మూడు రోజుల్లోపే తెరిచి చూసి కుట్టడం మంచిది. ఆలస్యమైతే తెగిన రెండు కొసలూ వెనక్కి ముడుచుకుంటాయి, మధ్యలో అతుకు నరం వేయాల్సి వస్తుంది. మీరు వెతకాల్సింది ల్యాబ్‌ని కాదు, చేతి శస్త్రచికిత్స తెలిసిన ప్లాస్టిక్ సర్జన్‌నో ఆర్థోపెడిక్ సర్జన్‌నో.

ఇక్కడ మన భాషతో ఒక ఇబ్బంది ఉంది. మనకు నరం అంటే నరమే, రక్తనాళమూ నరమే, కండరాన్ని ఎముకకి కట్టే తాడు కూడా నరమే. "నరం తెగింది, కుట్టేశారన్నా" అని చెబుతారు. చీటీ తీసి చూస్తే కుట్టింది టెండన్‌ని, స్పర్శ నరం గురించి ఒక్క ముక్క లేదు. కాబట్టి డిశ్చార్జ్ సమ్మరీ చేతికి రాగానే "నర్వ్ చూశారా, బాగుందా, తెగిందా?" అని అదే మాటతో అడగండి.

ఎన్‌సీవీ ఒక్కటే చాలా, సూది కూడా కావాలా?

ఎన్‌సీవీలో చర్మం మీద చిన్న చిన్న కరెంటు దెబ్బలు ఇచ్చి, స్పందన ఎంత ఎత్తున, ఎంత వేగంగా వచ్చిందో కొలుస్తారు. ఈఎంజీలో సన్నని సూదిని కండరంలోకి దించి, అది ఊరికే ఉన్నప్పుడూ బిగించినప్పుడూ వచ్చే సిగ్నల్‌ని చూస్తారు, స్పీకర్లో వింటారు కూడా. ఎన్‌సీవీ చాలా చోట్ల దొరుకుతుంది, ఖర్చు తక్కువ, నొప్పి తక్కువ. షుగర్ వల్ల కాళ్ల తిమ్మిర్లు, మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం వంటి వాటిలో చాలాసార్లు అదొక్కటే సరిపోతుంది. దెబ్బ తగిలిన నరానికి మాత్రం, నా మాట వింటే, సూది లేని టెస్టు సగం టెస్టు.

ఎందుకంటే జనం, కొన్నిసార్లు రిపోర్టు రాసేవాళ్లు కూడా, వేగం దగ్గరే ఆగిపోతారు. చేతిలో సెకనుకు 50 మీటర్లు, కాలిలో 40 మీటర్లు దాటితే నార్మల్ అనుకుంటారు. మెజెస్టిక్ బస్టాండు నుంచి వంద బస్సులు బయల్దేరాల్సిన చోట తొంభై డిపోలోనే ఆగిపోయాయనుకోండి. మిగిలిన పది టైముకే చేరతాయి. వేగం చూస్తే అంతా సవ్యమే, స్టాపులో జనం మాత్రం నిలబడే ఉంటారు. ఎన్ని బస్సులు నడుస్తున్నాయో చెప్పేది గీత ఎత్తు, అంటే యాంప్లిట్యూడ్. రిపోర్టులో ముందు ఆ గడి చూడండి, బాగున్న చేతి అంకెతో పోల్చండి. సగానికి తగ్గిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రెండో చెయ్యి అసలు చేయనే లేదంటే, "పోల్చడానికి అటువైపు కూడా చేయండి" అని అడగండి. బిల్లు ఒక చేతికా రెండు చేతులకా అన్నది ముందే కనుక్కుంటే కౌంటర్ దగ్గర గొడవుండదు.

ఇక సూది. మూడు వారాల తర్వాత మా వాడిని మళ్లీ తీసుకెళ్లినప్పుడు పక్కనే నిలబడ్డాను. డాక్టరుగారు మొదట భుజానికీ మోచేతికీ మధ్య, వెనుకవైపు ఉండే ట్రైసెప్స్ కండరంలో సూది పెట్టారు. స్పీకర్ నిశ్శబ్దం. చెయ్యి చాపమంటే నిండుగా గరగరమంది. అంటే ఆ కండరానికి ఢోకా లేదు. తర్వాత ముంజేతి పైభాగంలో, బ్రాకియోరేడియాలిస్ అనే కండరంలోకి దించారు. చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకునే ఉన్నాడు, స్పీకర్లోంచి తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు సద్దు మొదలైంది. నరం పోయిన కండరం తనంతట తాను కొట్టుకునే చప్పుడది, ఫిబ్రిలేషన్ అంటారు. "ఇప్పుడు బిగించప్పా" అంటే బిగించడానికి పళ్లు కొరికాడు పాపం, చప్పుడులో మార్పేమీ లేదు. ట్రైసెప్స్‌కి కొమ్మలు పైనే విడిపోతాయి, బ్రాకియోరేడియాలిస్‌కి కింద. కాబట్టి దెబ్బ ఆ రెండింటికీ మధ్య, సరిగ్గా ఎముక చుట్టూ నరం తిరిగే చోట ఉందని ఆ రెండు సూదులు తేల్చేశాయి. మోచేతి కింద ఎన్‌సీవీ మళ్లీ చేస్తే, నాలుగో రోజున నార్మల్ అన్న గీత ఈసారి చదునుగా ఉంది.

సూది గురించి భయపడేవాళ్లకు ఒక మాట. అందులో మందు ఉండదు, ఇంజెక్షన్ కాదు. గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, కండరం బిగించినప్పుడు కొంచెం నొప్పి. మర్నాటికి చిన్న కమిలిన మచ్చ ఉండొచ్చు, అంతే. సెంటర్‌కి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఈ ప్రశ్న తప్పక అడగండి: "సూది టెస్టు చేస్తారా, చేసేది డాక్టరేనా?" చాలా చోట్ల ఎన్‌సీవీ టెక్నీషియన్ చేస్తారు, అందులో తప్పేం లేదు. సూది మాత్రం ఏ కండరంలో పెట్టాలో అక్కడికక్కడ విన్నదాన్ని బట్టి తేల్చుకుంటూ పోయే పని. న్యూరాలజిస్టో, ఆ పనిలో శిక్షణ ఉన్న డాక్టరో చేస్తేనే దానికి విలువ.

నార్మల్ అని వస్తే భయపడాల్సిన చోటు

బైకు వేగంగా పోతూ పడినప్పుడు తల ఒకవైపు, భుజం ఒకవైపు లాగినట్టయి, మెడ నుంచి చేతికి వచ్చే నరాల గుత్తి సాగిపోతుంది. దాన్ని బ్రాకియల్ ప్లెక్సస్ అంటారు. మొత్తం చెయ్యే చచ్చుబడి, సూదితో గుచ్చినా తెలియదు. అలాంటి చేతిలో స్పర్శ నరాల ఎన్‌సీవీ నార్మల్ వచ్చిందంటే ఇంట్లోవాళ్లు సంబరపడతారు. నిజానికి అది చెడ్డ వార్త. స్పర్శ తీగకు ప్రాణం పోసే కణం వెన్నుపాము బయట ఒక ముడిలో ఉంటుంది. దెబ్బ ఆ ముడికి బయట తగిలితే తీగ శిథిలమై స్పందన పోతుంది. ముడికి లోపలివైపు, నరం మొదలు, అంటే వేరు, వెన్నుపాములోంచే ఊడివస్తే, కణానికీ తీగకీ సంబంధం తెగదు కాబట్టి కొస దాకా బతికే ఉంటుంది, మిషన్‌లో చక్కగా కనబడుతుంది. మెదడుకి మాత్రం ఏదీ చేరదు. ఊడిన వేరు మళ్లీ అతుక్కోదు. వేరేచోటి నరాన్ని తెచ్చి మళ్లించే ఆపరేషన్ ఆలోచించాలి, దానికి నెలలు వృథా చేయకూడదు.

కాబట్టి చెయ్యి మొత్తం పడిపోయినవాళ్లు ఎన్‌సీవీ కాగితం ఒక్కటి పట్టుకుని తిరగొద్దు. మెడ వెనుక కండరాల్లో కూడా సూది పెట్టి చూడాలి, మెడకి ఎమ్మారై కావాలి, బ్రాకియల్ ప్లెక్సస్ ఆపరేషన్లు చేసే సర్జన్ మొదటి నెలలోనే చూడాలి. చెయ్యి పడిపోయిన వైపే కంటిరెప్ప కొంచెం వాలి, కంటిపాప చిన్నదయినట్టు కనిపిస్తే ఆ సంగతి డాక్టరుకి చెప్పడం మరవొద్దు. అది కింది వేరు ఊడిందనడానికి గుర్తు కావచ్చు.

అల్ట్రాసౌండా, ఎమ్మారైనా?

కరెంటు టెస్టు ఎంత బాగా చేసినా ఒక ప్రశ్నకి జవాబు చెప్పలేదు: తీగలన్నీ పోయాయి సరే, బయటి గొట్టం ఉందా, అది కూడా తెగిందా? ఈఎంజీకి రెండూ ఒకేలా వినిపిస్తాయి. అది కళ్లతో చూడాల్సిన సంగతి.

చేతులు, కాళ్లలో నాకు నచ్చేది అల్ట్రాసౌండ్. కడుపు స్కాన్ చేసే ప్రోబ్ కాదు, పైపైన ఉన్నవాటిని స్పష్టంగా చూపే హై ఫ్రీక్వెన్సీ ప్రోబ్ ఉండాలి. నరాన్ని మోచేతి నుంచి చంక దాకా వరుసగా చూసుకుంటూ పోవచ్చు, ఎక్కడ ఉబ్బిందో, తెగిందో, ప్లేటు కింద ఇరుక్కుందో కనబడుతుంది. ఇనుము లోపల ఉంటే ఎమ్మారైలో ఆ చుట్టుపక్కలంతా నల్లగా చెదిరిపోతుంది, అల్ట్రాసౌండ్‌కి ఆ బెడద తక్కువ. మొదటి వారంలో కూడా చేయొచ్చు, ఇది కరెంటు టెస్టుకి లేని సౌలభ్యం. లోపం ఒకటే, చేసేవాడి చేతిని బట్టి ఫలితం. "నరాలకి చేస్తారా?" అని అడిగితే "అన్నీ చేస్తాం" అనేవాళ్ల దగ్గరకంటే, "ఏ నరం, ఎక్కడ దెబ్బ?" అని ఎదురు ప్రశ్న వేసేవాళ్ల దగ్గరకు వెళ్లండి.

మెడ వేర్లు, తుంటి లోపల వంటి లోతైన చోట్లకు ఎమ్మారై న్యూరోగ్రఫీయే, అంటే నరాలను చూడడానికే ప్రత్యేకంగా తీసే ఎమ్మారైయే దారి. మామూలు ఎమ్మారై తీసి దానికే ఆ పేరు పెట్టకుండా, చీటీ మీద డాక్టరుతో ఏ భాగం, ఏ నరం అన్నది రాయించుకోండి.

బెంగళూరులో ఎక్కడ?

మనవాళ్లకు నరాలు అనగానే నోట్లోంచి వచ్చే పేరు నిమ్హాన్స్. హోసూరు రోడ్డు మీద ఉంది, 1974 నుంచి ఆ పేరుతో నడుస్తోంది, నరాల జబ్బులకు దేశంలో పెద్ద సంస్థల్లో ఒకటి. అక్కడ చూపించుకోగలిగితే మంచిదే. అయితే ఇలాంటి పెద్ద ప్రభుత్వ సంస్థల్లో ముందు ఓపీలో చూపించుకుని, తర్వాత టెస్టుకి తేదీ తీసుకునే పద్ధతి ఉంటుంది. వరుసలో నిలబడే ఓపిక, ఒకటికి రెండుసార్లు వచ్చే వీలు ఉండాలి. తమాషా ఏమిటంటే, నరం దెబ్బకి ఈ ఆలస్యం కొన్నిసార్లు కలిసొస్తుంది. మొదటి వారంలో వెళితే మూడు వారాలకు తేదీ ఇచ్చారని చిరాకు పడొద్దు, సరిగ్గా కావాల్సిన రోజే అది. తేదీ మూడో నెలకి పడితే మాత్రం ఊరుకోకండి, అప్పుడు బయట చేయించుకోండి.

రెండో దారి, న్యూరాలజీ విభాగం ఉన్న మెడికల్ కాలేజీ ఆసుపత్రులు. కోరమంగలలో సెయింట్ జాన్స్ అలాంటిదే. టెస్టు చేసేవాళ్లు, సర్జన్, ఫిజియో ఒకే ఆవరణలో ఉంటారు కాబట్టి ఒకరి మాట ఒకరికి చేరుతుంది. మదనపల్లె నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవాళ్లకు నేను ఎక్కువగా చెప్పేది ఈ దారే. మూడోది వీధి చివరి డయాగ్నొస్టిక్ సెంటర్. ఇంటికి దగ్గర, అదే రోజు రిపోర్టు. సూది టెస్టు డాక్టరే చేస్తుంటే నిస్సంకోచంగా వెళ్లొచ్చు, చేయకపోతే ఆ డబ్బు రైలు టికెట్‌కి దాచుకోండి.

ఎక్కడికెళ్లినా ఉపవాసం అక్కర్లేదు, ఇడ్లీ తినే వెళ్లండి. ఆ రోజు చేతులకు, కాళ్లకు కొబ్బరినూనె, క్రీము రాయొద్దు. గాజులు, ఉంగరాలు తీసేయండి, వదులు చేతుల చొక్కా వేసుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండెకి పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి. షుగర్ ఉంటే అదీ చెప్పండి. డిసెంబరు, జనవరిల్లో బెంగళూరు చలికి, పైగా ఏసీ గదిలో, చేతులు మంచుముక్కల్లా ఉంటాయి. చర్మం ఒక డిగ్రీ చల్లబడితే నరం వేగం సెకనుకు దాదాపు రెండు మీటర్లు తగ్గుతుంది. లేని జబ్బు రిపోర్టులోకి ఎక్కుతుంది. చేతులు చల్లగా ఉంటే "వేడినీళ్లలో కాసేపు పెట్టుకుని వస్తాను" అని మొహమాటం లేకుండా చెప్పండి. యాక్సిడెంట్ కేసు నడుస్తుంటే రిపోర్టు ముఖపత్రం ఒక్కటే కాదు, గీతలున్న పేజీలు కూడా అడిగి తీసుకోండి.

రెండోసారి ఎప్పుడు?

నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. టేపు పెట్టి కొలిస్తే మా వాడికి విరిగిన చోటు నుంచి మొదటి కండరానికి పదకొండు సెంటీమీటర్లు వచ్చింది. అంటే 110 రోజులు, మొదట్లో పుంజుకోవడానికి పట్టే సమయంతో కలిపి నాలుగు నెలలు. చంక దగ్గర తెగి, అరచేతి కండరాల దాకా పోవాలంటే ఏడాది దాటుతుంది. నరం అందక ఏడాది, ఏడాదిన్నర గడిచిన కండరం ఇక తీసుకోదు. మూడు నెలలకు రెండో టెస్టు చేయించి, ఆపరేషన్ కావాలా అన్నది మూడు నుంచి ఆరు నెలల మధ్య తేల్చుకోమనేది ఈ లెక్కను బట్టే. కుదిరితే రెండోసారీ అదే ల్యాబ్‌లో, అదే డాక్టరు దగ్గర చేయించండి. అప్పుడు చూడాల్సింది వేగం కాదు. కదలిక కంటికి కనబడడానికి వారాల ముందే సూదిలో చిన్న చిన్న, చీలిన అలలు కనిపిస్తాయి, కొత్త తీగ కండరాన్ని అందుకుందని అర్థం. ఈ లోపల ఫిజియో దగ్గర పెట్టే కరెంటు వైద్యానికి, టెస్టుకి కాదు. ఆ రెండింటినీ కలిపేసి "నెలంతా ఈఎంజీ పెట్టించుకున్నాం" అనేవాళ్లు వారానికొకరైనా వస్తారు.

మా వాడికి నాలుగో వారం టెస్టు తర్వాత అల్ట్రాసౌండ్ చేయించాం. నరం ఉబ్బి ఉంది గానీ తెగలేదు, ప్లేటు కింద ఇరుక్కోలేదు. ఆ కాగితం చూశాకే సర్జన్ మళ్లీ తెరవకుండా ఆగారు. మణికట్టు వాలకుండా స్ప్లింట్ కట్టి, దాని మీద స్కెచ్ పెన్‌తో రెండు తేదీలు రాసిచ్చాను: మూడు నెలల టెస్టు ఒకటి, టేపు లెక్క ప్రకారం కొత్త తీగ మొదటి కండరాన్ని అందుకోవాల్సిన రోజు ఒకటి. మొదటి తేదీన సూదిలో ఏమీ వినబడలేదు. సర్జన్ ఇంకో నెల ఆగుదామన్నారు. రెండో తేదీకి వారం అటూ ఇటూగా, సూదిలో అలలు కనబడ్డాయి. మణికట్టు ఇంకా లేవలేదు. అత్తమ్మ మాత్రం ఈసారి కొబ్బరికాయ కొనే ముందు నాకు ఫోన్ చేసి అడిగింది.